పిండికట్టు వెయ్యలేని గాయం

కాలు విరిగితే పిండికట్టు కనబడుతుంది. చెయ్యి కాలితే బొబ్బ కనబడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు నాలుగు బత్తాయిలు చేతిలో పెట్టి, "పాపం, ఎంత దెబ్బ తగిలిందో!" అని ఓదార్చి వెళ్తారు. మరి తలకు దెబ్బ తగిలి, కుట్లు మానిపోయి, జుట్టు మళ్లీ పెరిగి, మనిషి లేచి తిరుగుతున్నాక ఏమిటి? ఎవరికీ ఏమీ కనబడదు. కనబడనిది లేనట్టే లెక్క. ఇంట్లోనూ అంతే, కోర్టులోనూ అంతే.

ఆడవాళ్లకు తలదెబ్బలు ఎలా తగులుతాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్కూటరు మీద భర్త వెనకాల ఓ పక్కకు కూర్చుని, ఒక చేత్తో పిల్లాణ్ని, ఇంకో చేత్తో కూరగాయల సంచిని పట్టుకున్న ఇల్లాలు స్పీడు బ్రేకరు దగ్గర వెనక్కి పడిపోతుంది. చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుంటుంది. మిరప కోతలకు కూలీలను కుక్కి తీసుకెళ్తున్న ఆటో మలుపులో బోల్తా పడుతుంది. ఇంకా దిగకుండానే బస్సు కదిలిపోతుంది. ఆస్పత్రిలో స్కానింగ్ తీస్తారు. "ఏం ఫర్వాలేదు, రెండు రోజులుంచి పంపించేస్తాం" అంటారు. అందరం దేవుడికి దండం పెట్టుకుని ఇంటికొస్తాం.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. పొంగి మాడినా వాసన తెలియదు. చీటీ డబ్బు ఎవరిచ్చారో, ఎవరివ్వలేదో లెక్క తప్పుతుంది. టీవీ శబ్దం భరించలేదు. చిన్నదానికే పిల్లల మీద విరుచుకుపడుతుంది, తర్వాత కూర్చుని ఏడుస్తుంది. మధ్యాహ్నానికే ఒంట్లో సత్తువంతా పీల్చేసినట్టు పడుకుంటుంది. "ఏంటమ్మా, ఈ మధ్య పనంటేనే విసుక్కుంటున్నావు?" అని అత్తగారు అంటే, "ఏమో అత్తయ్యా, తల పనిచెయ్యట్లేదు" అంటుంది. ఆ మాట ఎవరు నమ్ముతారు? బద్ధకం అంటారు, నోరు పెరిగిందంటారు, గాలి సోకిందంటారు. చివరికి తనకే తన మీద అనుమానం వస్తుంది.

ఇలాంటి మనిషి నష్టపరిహారం కోసం వెళ్తే బీమా కంపెనీ లాయరు వేసే ప్రశ్నలు కూడా ఆ ఇంట్లో వినబడ్డవే. చేతులున్నాయి, కాళ్లున్నాయి, నడుస్తోంది, మాట్లాడుతోంది, ఇంకేం నష్టం జరిగిందని?

'స్వల్పం' అన్న మాటతో చిక్కు

తలదెబ్బ తగిలినప్పుడు డాక్టర్లు మొదట చూసేది గ్లాస్గో కోమా స్కేలు. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గోలో తయారైన కొలత ఇది. రోగి కళ్లు తెరుస్తున్నారా, మాట్లాడుతున్నారా, చెప్పినట్టు కాళ్లూ చేతులూ కదుపుతున్నారా అన్నదాన్ని బట్టి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 దాకా వస్తే స్వల్పం, 9 నుంచి 12 అయితే మధ్యస్థం, 8 అంతకన్నా తక్కువైతే తీవ్రం. ప్రాణాపాయం ఎంతుందో తేల్చుకోవడానికి ఇది చాలా మంచి కొలత. కానీ ఆర్నెల్ల తర్వాత ఆవిడ కందిపప్పు ఎంతకు కొన్నదో గుర్తు పెట్టుకోగలదా లేదా అన్నది ఈ కొలత చెప్పదు. అది చెప్పడానికి పుట్టిన కొలతా కాదు.

స్కానింగ్ సంగతీ అంతే. రక్తం గడ్డకట్టిందా, ఎముక చిట్లిందా అన్నది సీటీ స్కాన్‌లో బాగా తెలుస్తుంది. తల ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు మెదడులోని సన్నటి నరపు పోగులు సాగి దెబ్బతింటే మాత్రం అది చాలాసార్లు సీటీకి చిక్కదు. ఎమ్మారైలో కొంత మెరుగ్గా కనబడుతుంది, ఒక్కోసారి దానికీ చిక్కదు. పెద్దవయసువాళ్లలోనైతే చిన్న దెబ్బకే మెదడు పైపొర కింద రక్తం మెల్లగా చేరి, కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి మొదటి రోజు 'నార్మల్' రిపోర్టు ఫైల్లో ఎక్కి కూర్చుని ఉంటుంది.

స్వల్పంగా తలదెబ్బ తగిలినవాళ్లలో చాలామంది వారాల్లో, నెలల్లో మామూలుగా అయిపోతారు. ఇది నిజం, ధైర్యం తెచ్చుకోవాల్సిన మాట కూడా. కొందరికి మాత్రం తలనొప్పి, తల తిరగడం, మతిమరుపు, కోపం, నిద్ర పట్టకపోవడం పట్టుకుని వదలవు. వాసన తెలియకపోవడం కూడా తలదెబ్బ వల్ల వచ్చేదే. ఆఫీసులో ఫైళ్లు చూసే మనిషికి అది చిన్న లోటనిపించొచ్చు. గ్యాస్ లీకయినా తెలియని వంటింట్లో రోజుకు మూడుపూటలా నిలబడే మనిషికి అది ప్రాణం మీదికి వచ్చే లోటు.

చట్టం అడిగేది ఏమిటి?

రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో తేలుతుంది. అక్కడ క్రిమినల్ కేసులోలా అనుమానానికి తావే లేకుండా రుజువు చెయ్యక్కర్లేదు. జరిగి ఉండేందుకే ఎక్కువ అవకాశం ఉందని నమ్మించగలిగితే చాలు. సుప్రీంకోర్టు ఈ మాట చాలాసార్లు చెప్పింది.

2010లో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. వైకల్యం ఎంత శాతమని డాక్టరు రాసిందే ఆఖరి మాట కాదు, ఆ వైకల్యం వల్ల ఈ మనిషి చేసుకునే పని ఎంత పోయిందో ట్రిబ్యునల్ విడిగా చూడాలంది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో మొత్తం బతుకుతెరువే పోవచ్చు, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. అంటే ముందు ఆ మనిషి ఏం పని చేసేవారు, ఇప్పుడు ఏది చెయ్యగలుగుతున్నారు, ఏది చెయ్యలేకపోతున్నారు అన్నది తేల్చాలి.

మరి ఇల్లాలు చేసే పనేమిటి? సమాధానం కోర్టులే చెప్పాయి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణుల సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టింది. 2010లో మరో తీర్పులో, గృహిణి సేవలను జీతానికి పనిచేసే పనిమనిషి సేవలతో పోల్చి లెక్కగట్టే పద్ధతిని తప్పుపట్టింది. 2021 జనవరిలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో 2019 నాటి కాల వినియోగ సర్వే అంకెల్ని ఉదహరించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని దేశ ఆర్థిక వ్యవస్థకు దోహదం చేసేదేనని, దానికి విలువ కట్టడం దయాదాక్షిణ్యం కాదని ఆ తీర్పు సారాంశం.

గృహిణి విలువ గురించి చెప్పిన ఈ మాటలు ప్రధానంగా ప్రాణం పోయినవాళ్ల విషయంలో చెప్పినవి. చనిపోతే ఆవిడ వంట, పిల్లల చదువు, పెద్దల సేవ అన్నిటికీ లెక్క కడుతున్నారు. బతికి ఉండి ఆ పనులు చెయ్యలేకపోతే అదే లెక్క ఎందుకు కట్టకూడదు? 2010 నాటి సూత్రాన్నీ 2021 నాటి విలువనూ పక్కపక్కన పెట్టి చదివితే, తలదెబ్బ తగిలిన గృహిణికి న్యాయం చెయ్యడానికి కొత్త చట్టమేం అక్కర్లేదు. 'జీతం లేదు కాబట్టి నష్టమూ లేదు' అన్న పాత అలవాటు పోతే చాలు.

కోర్టు మనసు పెట్టి చూస్తే ఎలా ఉంటుందో 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఒక తీర్పు చెబుతుంది. 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళ్తూ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన 12 ఏళ్ల పాప కేసది. ఒళ్లు పెరుగుతుంది కానీ మానసికంగా 9 నెలల పసిపాపగానే ఉండిపోతుందని పరీక్షల్లో తేలింది. ట్రిబ్యునల్ 11 లక్షల పైచిలుకు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 25 లక్షల 78 వేలు దాటించింది. సుప్రీంకోర్టు 62 లక్షల 27 వేలకు పెంచింది. అందులో పెద్దభాగం పాపను చూసుకోవడానికి ఇద్దరు మనుషులకయ్యే ఖర్చు, నెలకు 10,000 చొప్పున. గమనించారా? మామూలుగా ఇంట్లో తల్లి, పిన్ని, అక్క జీతం లేకుండా చేసే సేవకు అక్కడ ఖరీదు కట్టారు.

దొంగ క్లెయిముల మాటేమిటి?

బీమా కంపెనీల వాదనను ఊరికే కొట్టిపారెయ్యకూడదు. దెబ్బ తగలకుండానే తగిలినట్టు, తగిలిందాన్ని పదింతలు చేసి చెప్పేవాళ్లు ఉన్నారు. తలనొప్పి, మతిమరుపు అని ఎవరైనా చెప్పొచ్చు. ఆ డబ్బు చివరికి మనమంతా కట్టే ప్రీమియంలోంచే వస్తుంది. కాబట్టి అనుమానించడం వాళ్ల హక్కే.

అయితే అనుమానం తీర్చుకునే దారులున్నాయి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచించే వేగం, పనిని వరసలో పెట్టుకోగలగడం ఇవన్నీ క్లినికల్ సైకాలజిస్టులు గంటల తరబడి పరీక్షించి కొలుస్తారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ మన దేశంలోని మనుషులకు సరిపడేలా ఇలాంటి పరీక్షల వరసను 2004లోనే తయారుచేసింది. కావాలని తప్పులు చేసేవాళ్లను పసిగట్టే పద్ధతులూ ఈ శాస్త్రంలో ఉన్నాయి. అలాంటి పరీక్షలు చేయించమని ట్రిబ్యునళ్లు అడగాలి. పరీక్ష చేయించకుండా, 'స్కానింగ్ బాగానే ఉంది కదా' అని కేసు తేల్చెయ్యడం అనుమానం తీర్చుకోవడం కాదు, అనుమానాన్నే తీర్పుగా రాసెయ్యడం.

ఆ పరీక్షలు చేసేవాళ్లు పెద్ద నగరాల్లో దొరికినంతగా జిల్లా ఆస్పత్రుల్లో దొరకరు. వైకల్య ధ్రువపత్రం దగ్గర ఇంకో చిక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. ప్రమాదంలో మెదడుకు తగిలిన దెబ్బ అన్నది ఆ జాబితాలో విడిగా లేదు. దాని ఫలితాల్ని పట్టి మాటకు సంబంధించిన వైకల్యమనో, మానసిక అనారోగ్యమనో, ఇంకో గడిలోనో ఇరికించుకోవాలి. ఏ గడిలోనూ సరిగ్గా ఇమడని మనిషి వట్టి చేతుల్తో తిరిగి రావాల్సిందేనా? ప్రభుత్వాలు ఈ లోటును పూరించాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి

మొదటిది, ఆస్పత్రిలో మొదటి గంటలో నిజం చెప్పడం. పోలీసు గొడవెందుకని, బండి నడిపింది లైసెన్సు లేని మరిదని, "మెట్ల మీంచి జారి పడింది" అని రాయించేస్తారు. ఏడాది తర్వాత ఆ ఒక్క వాక్యమే కేసును ముంచుతుంది. ఏ బండి, ఎక్కడ, ఎలా అన్నది సరిగ్గా చెప్పండి. కాసేపైనా స్పృహ తప్పిందా, వాంతులయ్యాయా, ఫిట్స్ వచ్చాయా, జరిగింది గుర్తుందా అన్నవి కేసు షీటులో రాయమని డాక్టరుగారిని అడగండి. డిశ్చార్జి కాగితాలు, స్కాను ఫిల్ములు పారెయ్యకండి.

రెండోది, ఇంటికొచ్చాక కూడా చూపించుకుంటూ ఉండటం. మాత్రలు మింగి ఊరుకుంటే కాగితం మీద మీకు జబ్బు లేనట్టే. తలనొప్పితో పాటు మతిమరుపు, కోపం, వాసన తెలియకపోవడం కూడా డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడి దాచేవే ఎక్కువగా ఇవి. వైద్యం చేసిన డాక్టరు సాక్ష్యానికి కోర్టులో విలువెక్కువ. ఎక్కడో డబ్బిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్లను నమ్మవద్దని ఆ 2010 తీర్పే హెచ్చరించింది.

మూడోది, ఒక నోటు పుస్తకం. పాలవాడి లెక్క రాసుకునే పుస్తకమైనా చాలు. తేదీ వేసి, ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. 'స్టవ్ కట్టకుండా బజారుకు వెళ్లింది. పక్కింటి పిన్నిగారు చూసి ఆపారు.' 'పిల్లాడి స్కూలు ఫీజు రెండుసార్లు కట్టింది.' 'జాకెట్టు కొలతలు తప్పి ఇద్దరు బట్టలు తిరిగిచ్చేశారు.' ఆవిడ రాయలేకపోతే కూతురు రాయాలి, భర్త రాయాలి. డాక్టరు పది నిమిషాలే చూస్తారు, ఇంట్లోవాళ్లు రోజంతా చూస్తారు. పక్కింటావిడ, కుట్టుమిషను దగ్గరికి వచ్చే ఖాతాదారులు, డ్వాక్రా గ్రూపులో తోటి సభ్యులు అంతా సాక్షులే. ప్రమాదానికి ముందు ఈవిడ ఎలా ఉండేదో చెప్పగలిగేది వాళ్లే.

నాలుగోది, దరఖాస్తు తొందరగా, రాజీ నిదానంగా. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా క్లెయిము వెయ్యాలి. ఈ గడువును సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వాదనల సంగతెలా ఉన్నా మీరు మాత్రం గడువు దాటనివ్వకండి. మీరు ఉంటున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వెయ్యొచ్చు. అయితే లోక్ అదాలత్‌లో రాజీకి మాత్రం తొందరపడొద్దు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ మీద అప్పీలుండదు. మెదడు ఎంతవరకు కోలుకుంటుందో నెలలు గడిస్తే కానీ తెలియదు. మూడో నెలలో చేతికొచ్చిన లక్ష రూపాయలు చూసి సంతకం పెడితే ముప్ఫై ఏళ్ల నష్టం దాంతో సరి.

ఐదోది, ముందుచూపు. బండికి కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, ఆ బండి నడిపిన మనిషి తప్పు వల్ల వెనక కూర్చున్నవాళ్లకు దెబ్బ తగిలినప్పుడు పరిహారం రావడం కష్టం. ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుంది. వెనక సీటు ఎక్కువగా మనదే కనక, పాలసీ కాగితం తీసి చూడాల్సిందీ మనమే. హెల్మెట్ కూడా ముందు కూర్చున్నవాళ్లకే కాదు, చట్టం వెనకవాళ్లకూ పెట్టుకోమంది.

లాయరు ఫీజుకు డబ్బెక్కడిదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

డబ్బు వచ్చాక కూడా ఒక జాగ్రత్త ఉంది. పరిహారంలో కొంత బ్యాంకులో డిపాజిట్టుగా ఉంచమని సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ డిపాజిట్టు దెబ్బ తగిలిన మనిషి పేరునే ఉండాలి, వడ్డీ ఆవిడ వైద్యానికి, ఇంటిపనికి సాయంగా పెట్టుకునే మనిషి జీతానికి వాడాలి. ఆడపడుచు పెళ్లికో, పాత అప్పుకో అది కరిగిపోతే కోర్టులో నెగ్గి ఇంట్లో ఓడినట్టే.

చివరగా ఒక మనవి. తలదెబ్బ తగిలిన కోడలు, కూతురు, చెల్లెలు మీ ఇంట్లో ఉంటే, ట్రిబ్యునల్ నమ్ముతుందో లేదో తర్వాత చూడొచ్చు, ముందు మీరు నమ్మండి. "నీకేం, బాగానే ఉన్నావు" అని ఇంట్లో పదిసార్లు విన్న మనిషి కోర్టు బోనులో నిలబడి "నాకు బాగాలేదు" అని గట్టిగా ఎలా చెప్పగలదు? మీరు నమ్మితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు, పుస్తకంలో రాస్తారు, సాక్ష్యం చెప్తారు. ఇప్పటిదాకా రాయకపోతే, ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి.